తిరిగే బిళ్ళ వెనక ఒక మాస్టారు

మా ఇంటి వసారాలో పాత కరెంటు మీటరు ఒకటి ఉండేది. దాని గాజు కిటికీలో అల్యూమినియం బిళ్ళ తిరుగుతుంటే చిన్నప్పుడు కళ్ళప్పగించి చూసేవాణ్ణి. బిళ్ళకి ఏ తీగా తగలదు, ఎవరూ తొయ్యరు. మరెలా తిరుగుతోంది? ఈ ప్రశ్నకి జవాబు ఇంజనీరింగు క్లాసులో దొరికింది గాని, దాని వెనకున్న మనిషి సంగతి నేను పాఠాలు చెప్పడం మొదలుపెట్టాకనే తెలిసింది. ఆయనే గెలీలియో ఫెరారిస్.

ఫెరారిస్ 1847లో ఉత్తర ఇటలీలో ఒక చిన్న ఊళ్ళో పుట్టాడు. తండ్రి మందులషాపు నడిపేవాడు. చదువుకోసం పసితనంలోనే టూరిన్ నగరం చేరి, 1869లో ఇంజనీరు పట్టా పుచ్చుకున్నాడు. అక్కడి పారిశ్రామిక మ్యూజియంలో సహాయకుడిగా చేరి, ఆచార్యుడై, జీవితమంతా ఆ ఊళ్ళోనే గడిపాడు. పేరుకి మ్యూజియమేగాని అది పాఠాలు చెప్పే సంస్థ కూడా. 1880ల చివర ఆయన అందులోనే ఎలక్ట్రికల్ ఇంజనీరింగు శాఖని నెలకొల్పాడు.

మొదట్లో ఆయనకి కాంతిశాస్త్రం మీద మక్కువ. ఒకదానికొకటి లంబంగా ఉన్న రెండు కాంతికంపనాలు, తగిన తేడాతో కలిస్తే, గుండ్రంగా తిరిగే కంపనం పుడుతుంది. కాంతికి చెల్లింది అయస్కాంతానికి చెల్లదా అన్నది ఆయన ఆలోచన. 1885లో రెండు తీగచుట్టల్ని లంబంగా అమర్చి, పావు ఆవర్తనం తేడాతో రెండు ఏసీ కరెంటులు పంపించాడు. మధ్యలో ఒక రాగి సిలిండరు వేలాడదీశాడు. అయస్కాంతక్షేత్రం గుండ్రంగా తిరిగింది. రాగిలో పుట్టిన కరెంటుల మూలంగా సిలిండరూ దాని వెంట తిరిగింది. కమ్యుటేటర్ లేదు, బ్రష్షులు లేవు, నిప్పురవ్వలు లేవు.

దీన్ని ఆయన వెంటనే లోకానికి చాటలేదు. 1888 మార్చి 18న టూరిన్ విజ్ఞాన అకాడమీ ముందు వ్యాసం చదివాడు. ఆ మే నెలలోనే అమెరికాలో టెస్లాకి పేటెంట్లు వచ్చాయి. ఇద్దరూ ఎవరికి వారే కనిపెట్టారు. ఫెరారిస్ మాత్రం పేటెంటు జోలికి పోలేదు. తన పని పాఠం చెప్పడమే గాని వ్యాపారం కాదనుకున్నాడు.

మహానుభావుడే అయినా ఇక్కడొక పొరపాటు చేశాడు. ఈ మోటారు అత్యధిక శక్తినిచ్చేది సగం వేగం దగ్గర. అప్పుడు సగం శక్తి వేడిగా పోతుంది. అంచేత దీని సామర్థ్యం యాభై శాతం దాటదని, పరిశ్రమలకి పనికిరాదని తేల్చేశాడు. మోటారు పూర్తి వేగానికి దగ్గరగా నడిస్తే నష్టం బాగా తగ్గుతుందన్నది ఆయన లెక్కలోకి రాలేదు. ఆ వ్యాసం చదివిన దొలివో-దొబ్రొవోల్‌స్కీ అనే ఇంజనీరు ఈ లోపం పసిగట్టి, 1889లో మూడు ఫేజుల మోటారు చేసి చూపించాడు. ఈ రోజు మన బోరుబావి దగ్గర, పిండిమర దగ్గర తిరిగేది దాని వారసులే.

ఫెరారిస్ 1897 ఫిబ్రవరి 7న న్యుమోనియాతో పోయాడు. అప్పటికి ఆయనకి నలభై తొమ్మిదేళ్ళే. ఊరివాళ్ళు తరువాత తమ ఊరికే ఆయన పేరు తగిలించుకున్నారు. బిళ్ళమీటరు స్వయంగా ఆయన చేసింది కాకపోయినా, సూత్రం ఆయనది గనక యూరప్‌లో దాన్ని ఫెరారిస్ మీటరనే పిలుస్తారు. ఆయన తొలి మోటారు నమూనాలు టూరిన్‌లో భద్రంగా ఉన్నాయి. పరిశ్రమలకి పనికిరావని చేసినవాడే అనుకున్న వస్తువుల్ని కూడా ఆ ఊరు పారెయ్యలేదు!

ఇది చదివిన నాడు నాకు తల కొట్టేసినట్టయింది. ఏళ్ళ క్రితం లాబొరేటరీ ఇన్‌చార్జిగా ఉన్నప్పుడు పాత సామాను కండెమ్ లిస్టు నా ముందుకొచ్చింది. బిళ్ళమీటర్లు, చెక్కపెట్టెల్లోని గాల్వనోమీటర్లు అన్నీ అందులో ఉన్నాయి. చదవకుండానే సంతకం పెట్టేశాను. తూకానికి పోయాయి. ఇప్పుడు ఇళ్ళల్లో అంకెల మీటర్లు వచ్చాక, తిరిగే బిళ్ళని చూపిద్దామంటే నా దగ్గర ఒక్కటీ లేదు.

అందుకే విద్యార్థులకి నా మనవి. మీ ఇళ్ళ అటకల మీద అలాంటి మీటరు ఏదన్నా ఉంటే పట్టుకురండి. బీరువా, గాజు తలుపు ఖర్చు నాది. పక్కన పెట్టే చీటీ మీద ఫెరారిస్ పేరు, ఆయన చేసిన మేలు, చేసిన పొరపాటు మూడూ రాద్దాం.