లేత్ మీద పుట్టిన స్వదేశీ పెన్ను

గీయగలిగినదల్లా తయారుచేయలేం. మెకానికల్ వాళ్లం డిజైన్ క్లాసులో పదే పదే వినే మాట ఇది. దీనికి నాకు మంచి ఉదాహరణ మన రాజమండ్రిలోనే దొరికింది. ఆయన కోసూరి వెంకట రత్నం గారు, రత్నం పెన్నుల రత్నం.

నగలకు అచ్చులు చేసే పనితనం ఆయనది. 1921లో వార్ధాలో గాంధీజీని కలిశారు. గుండుసూది నుంచి పెన్ను దాకా జనానికి పనికొచ్చే వస్తువేదైనా చేయమని గాంధీజీ సలహా ఇచ్చారు. రత్నం గారు పెన్నునే ఎంచుకున్నారు. పదేళ్లు దాటాక, 1932లో రాజమండ్రిలో రత్నం పెన్నుల తయారీ మొదలైంది.

అప్పటి పేరున్న విదేశీ పెన్నుల్లో ఇంకు నింపడానికి పక్కన మీట, లోపల రబ్బరు సంచి, దాన్ని నొక్కే రేకు ఉండేవి. ఇవన్నీ చేయాలంటే ప్రెస్సులు, డైలు కావాలి. ఒక లేత్, నాలుగు చేతులున్న చిన్న కార్ఖానాకి అవెక్కడివి?

రత్నం వారి ఫిల్లర్ పెన్ను విప్పి చూడండి. మీటా లేదు, సంచీ లేదు. ఎబొనైట్ కడ్డీని లేత్ మీద తిప్పి, లోపల తొలిస్తే ఆ గొట్టమే ఇంకు ట్యాంకు. ఫిల్లర్‌తో ఇంకు పోసి, ముందు భాగం బిగించెయ్యడమే. ఇలాంటి పెన్ను కొత్తగా కనిపెట్టింది కాదు, అంతకుముందు నుంచీ ఉన్నదే. కానీ లేత్ పనికి ఇంతకన్నా అనువైన డిజైన్ ఏముంది?

అలాగని ఈ సులువు ఊరికే రాదండోయ్. పార్టులు తగ్గినకొద్దీ మిగిలినవాటి మీద బరువు పెరుగుతుంది. మరలు కాస్త వదులైతే జేబంతా ఇంకే. ఇంకు తగ్గాక చేతి వేడికి లోపలి గాలి వ్యాకోచించి, పాళీ నుంచి బొట్టు రాలుతుంది. కాబట్టి మరలు కోసే చెయ్యి, ఫీడ్‌లో గాడి తీసే చెయ్యి తప్పకూడదు.

రత్నం గారి పెన్ను జె.సి. కుమారప్ప ద్వారా గాంధీజీకి చేరింది. దాన్ని వాడి చూశానని, బజార్లో దొరికే విదేశీ పెన్నులకి బదులుగా బాగానే ఉందని 1935 జూలై 16న ఆయన రత్నం గారికి ఉత్తరం రాశారు.

మన ప్రాజెక్టుల్లో క్యాడ్ స్క్రీన్ మీద ఇంకో పార్టు చేర్చడానికి ఒక్క క్లిక్ చాలు. చేర్చేముందు రెండు ప్రశ్నలు వేసుకుందాం. ఇది లేకపోతే పని ఆగుతుందా? మన వర్క్‌షాప్‌లో ఉన్న లేత్ మీద దీన్ని చేయగలమా?