ప్రభువు బల్ల దగ్గర గీత గీయని గ్రోవ్స్



మన ధర్మపురి ముందు దక్షిణంగా తిరిగే గోదావరి పాయలై సముద్రంలో కలిసే చోట నర్సాపురం ఉంది. రాతిపని చేసుకునే విలియం బౌడెన్, చెప్పులు కుట్టుకునే జార్జి బీర్ అనే ఇద్దరు సహోదరులు ఇంగ్లాండు నుంచి 1836లో మద్రాసులో దిగి, తర్వాత ఆ ఊరు చేరి సువార్త చెప్పారు. గోదావరి డెల్టా మిషన్ అలా మొదలైంది. వారిని ఈ దేశానికి తీసుకొచ్చిన దైవజనుడు ఆంథోనీ నోరిస్ గ్రోవ్స్.

1795లో పుట్టిన గ్రోవ్స్ గారు పళ్ళ డాక్టరు. మంచి సంపాదన వదులుకొని 1829లో బాగ్దాదుకు వెళ్ళారు. 1831లో ప్లేగు ఆయన భార్య మేరీని తీసుకుపోయింది. తర్వాత మన దేశం వచ్చి, చిత్తూరులో పొలం చేస్తూ, పట్టుపురుగులు పెంచుతూ, అప్పులపాలయ్యారు కూడా.

అంతకుముందే, డబ్లిన్‌లో ఉన్నప్పుడు, ఆయనకు ఒక సంగతి తేటపడింది. ప్రభువును ప్రేమించేవారు ఏ సంఘస్థులైనా కలిసి రొట్టె విరవవచ్చు, అందుకు పాదిరిగారే ఉండాలన్న నియమం లేదు. బ్రదరెన్ సహవాసాలకు మూలం ఇదే. జాన్ నెల్సన్ డార్బీ గారూ ఆ తొలి సహవాసంలోని వారే.

అయితే 1836లోనే గ్రోవ్స్ గారు డార్బీ గారికి ఉత్తరం రాశారు. ప్రభువు జీవం కలిగినవారిని చేర్చుకోవడం మాని, ఎదుటివారి తప్పులకు వ్యతిరేకంగా సాక్ష్యమివ్వడమే మన గుర్తు అవుతోందని హెచ్చరించారు. ఆ హెచ్చరిక పనిచేయలేదు.

1845లో ప్లిమత్ సంఘంలో డార్బీ గారికి, బెంజమిన్ న్యూటన్ గారికి మధ్య చీలిక వచ్చింది. డార్బీ గారిని దోషిగా నిలబెట్టడం మా ఉద్దేశం కాదు. క్రీస్తు శ్రమలను గురించి న్యూటన్ గారి బోధలో తప్పు ఉంది. 1847లో ఆయనే దానిని ఒప్పుకున్నారు. అయితే 1848లో, ఆ సంఘం నుంచి వచ్చిన కొందరిని బ్రిస్టల్‌లోని బేతెస్ద సంఘం పరీక్షించి, వారికి ఆ తప్పు బోధ లేదని తెలుసుకొని చేర్చుకుంది. అందుకు బేతెస్ద మొత్తంతో సహవాసం తెంచుకోవాలని డార్బీ గారు ఉత్తరం పంపారు. తప్పు బోధను కాదనడం వేరు, ఆ బోధ నమ్మనివారిని ఎక్కడి నుంచి వచ్చారో చూసి వెలివేయడం వేరు. పక్క సంఘంవారు ఆరాధనకు వస్తే బల్ల ఇవ్వాలా వద్దా అని పెద్దలు గుసగుసలాడే ఆదివారాలు మనకూ కొత్త కాదు.

బేతెస్దలో వాక్యం చెప్పేవారు అనాథల తండ్రి జార్జి ముల్లర్ గారు, గ్రోవ్స్ గారి బావ. గ్రోవ్స్ గారు వారి పక్షమే నిలిచారు. ఆయన మీదా నిందలు లేకపోలేదు: దక్షిణ దేశపు మిషనరీలు కొందరు ఆయననే సంఘాలను చీల్చేవాడని అనుమానించారు. ఐక్యత కోరిన మనిషికి అది చాలా బాధ కలిగించింది.

1852లో జబ్బుతో స్వదేశం వెళ్ళిన ఆయన 1853 మే 20న బ్రిస్టల్‌లో ముల్లర్ గారి ఇంట్లోనే ప్రభువునందు నిద్రించారు. డార్బీ గారు 1882 వరకు బ్రతికారు. బేతెస్ద విషయంలో ఆయన మాట మార్చుకోలేదు.