న్యుమోనియా పరిశోధకుడు ఆస్వాల్డ్ ఏవరీ

డి.ఎన్.ఏ. ప్రస్తావన రాగానే మనము వాట్సన్, క్రిక్‌లను స్మరిస్తాము. అంతకు పూర్వమే దాని మహత్తును న్యుమోనియా క్రిమిలో కనుగొన్న ఆస్వాల్డ్ ఏవరీని విస్మరిస్తాము. ఇది అన్యాయమని మా అభిప్రాయం.

1877లో కెనడాలో జన్మించిన ఆయన, 1913 నుండి న్యూయార్కులోని రాక్‌ఫెల్లర్ వైద్యశాలలో న్యుమోకాకస్ పరిశోధనకే అంకితమయ్యారు. ఈ క్రిమికి చక్కెర జాతి పదార్థంతో ఏర్పడిన కవచముంటుంది. ఆ కవచం వల్లనే అది తెల్లరక్తకణాలకు చిక్కక ప్రాణాంతకమవుతుంది.

1928లో ఇంగ్లండులో గ్రిఫిత్ ఒక వింతను చూపారు. చచ్చిన కవచధారుల సాంగత్యంతో, కవచహీనమైన సజీవ క్రిములు కవచాన్ని సంతరించుకుని చిట్టెలుకలను చంపాయి! ఏవరీ మొదట విశ్వసించలేదు. పిదప ఏళ్ళ తరబడి శ్రమించి, 1944లో, 66 సంవత్సరాల వయస్సులో, మెక్లియోడ్, మెకార్టీలతో కలసి, ఆ మార్పుకు కారణం డి.ఎన్.ఏ. యేనని నిరూపించారు. మాంసకృత్తులే వంశబీజాలని తలచిన పండితులు సంశయించారు. నోబెల్ సంఘమూ నిరీక్షించింది. 1955లో ఏవరీ కన్నుమూశారు, బహుమతి రానేలేదు.