భీమవరం బిడ్డడు - నెత్తురులో భాస్వరం కొలిచినవాడు

భీమవరం: తెల్లవారి పట్నంలో ఏ రక్త పరీక్షల కేంద్రం ముందు చూసినా జనం బారులు తీరి కనిపిస్తారు. పరగడుపున పల్లె నుంచి మొదటి బస్సుకు వచ్చినవారు, చేతిలో డాక్టరు రాసిన చీటీ, ముంజేతి మీద దూది. గుండెలో మంట అన్నవాడికి ఒక పరీక్ష, కళ్లు పచ్చబడినవాడికి మరో పరీక్ష. సాయంత్రానికి కాగితం చేతికి వస్తుంది. అందులో అంకెలుంటాయి. ఆ అంకెలు ఎలా వచ్చాయో అడిగేవారు తక్కువ. ఆ అంకెల వెనుక మన ఊరి మనిషి ఒకరున్నారని తెలిసినవారు ఇంకా తక్కువ. ఆయనే యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో పుట్టారు. తండ్రి జగన్నాథం రెవెన్యూ శాఖలో చిన్న ఉద్యోగి. జబ్బు చేసి ఉద్యోగం మానుకోవలసి వచ్చింది. తల్లి వెంకమ్మ. ఏడుగురు సంతానం. ఇంట్లో రాబడి లేదు, ఖర్చు తగ్గదు. అటువంటి ఇల్లు ఎలా గడుస్తుందో మన పాఠకులకు వేరే చెప్పనక్కరలేదు.

అరటిపళ్ల వ్యాపారానికి కాశీ దారి

పదమూడేళ్ల వయసులో కుర్రవాడికి ఒక ఆలోచన వచ్చింది. కాశీ వెళ్లి యాత్రికులకు అరటిపళ్లు అమ్మితే బోలెడు డబ్బు వస్తుందని. ఇంట్లో చెప్పకుండా బయలుదేరాడు. దారిలోనే పట్టుకుని వెనక్కి తెచ్చారు. వెంకమ్మగారు గట్టి మనిషి. కొడుకు చదివి తీరాలని పట్టుబట్టారు. తండ్రి పోయాక ఉన్న నగలు అమ్మి చదివించారని చెబుతారు. రాజమండ్రిలో చదువు సాగలేదు. చివరకు మద్రాసు హిందూ హైస్కూలులో, మూడో ప్రయత్నంలో మెట్రిక్ గట్టెక్కారు. పరీక్ష తప్పిన పిల్లవాణ్ణి పొలానికి తోలేసే తండ్రులు ఈ సంగతి ఒకసారి గుర్తు పెట్టుకుంటే బాగుండును.

తర్వాత ప్రెసిడెన్సీ కాలేజీ, ఆపైన మద్రాసు మెడికల్ కాలేజీ. మధ్యలో సన్యాసం పుచ్చుకుని రామకృష్ణ మఠంలో చేరిపోదామన్న తలంపు కూడా వచ్చింది. తల్లి ఒప్పుకోలేదు. చదువుకు స్నేహితులు సాయపడ్డారు, కస్తూరి సూర్యనారాయణమూర్తి గారు డబ్బు కట్టారు. 1919లో ఆయన కుమార్తె శేషగిరితోనే సుబ్బారావుకు పెళ్లి అయింది.

అవి గాంధీగారి పిలుపు ఊరూరా మోగుతున్న రోజులు. సుబ్బారావు ఆపరేషను గదిలోకి ఖద్దరు దుస్తులతో వెళ్లారు. సర్జరీ ప్రొఫెసరు బ్రాడ్‌ఫీల్డ్ దొరకు అది కంటగింపైంది. ఫలితం, రావలసిన ఎం.బి.బి.ఎస్. రాలేదు. దానికంటే తక్కువదైన ఎల్.ఎం.ఎస్. చేతిలో పెట్టారు. ప్రభుత్వ వైద్యంలో దారి మూసుకుపోయి, మద్రాసులో ఆచంట లక్ష్మీపతి గారి ఆయుర్వేద కళాశాలలో శరీర నిర్మాణ శాస్త్రం చెప్పుకుంటూ కొంతకాలం గడిపారు.

ఆయన జీవితం మలుపు తిరిగింది మాత్రం ఇంట్లో జరిగిన ఘోరం వల్ల. అన్నదమ్ములిద్దరు, పురుషోత్తం, కృష్ణమూర్తి, కొద్ది రోజుల తేడాతో కన్నుమూశారు. ఇద్దరికీ ఒకటే జబ్బు, స్ప్రూ. ఉష్ణదేశాలలో వచ్చే విరేచనాల జబ్బు అది. తిన్నది ఒంటపట్టదు, నెత్తురు పలచబడిపోతుంది, మనిషి ఎముకల గూడవుతాడు. సుబ్బారావుకూ ఆ జబ్బు వచ్చింది, లక్ష్మీపతి గారి వైద్యంతో బతికి బయటపడ్డారు. తనవాళ్లను మింగిన జబ్బుకు మందు లేదన్న సంగతి ఆయనను నిద్రపోనివ్వలేదు.

మామగారు కొంత, కాకినాడ మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ కొంత డబ్బు సర్దగా ఓడ ఎక్కారు. 1922 అక్టోబరు 26న అమెరికాలోని బోస్టన్ చేరారు. మూడు నాలుగేళ్లలో తిరిగి వస్తానని భార్యకు చెప్పి వెళ్లిన మనిషి.

రాత్రి మలమూత్రాల గిన్నెలు, పగలు పరిశోధన

హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో ఉష్ణదేశ వ్యాధుల చదువులో చేరారు. అక్కడి డాక్టర్ రిచర్డ్ స్ట్రాంగ్ ఆదరించారు గాని ఉపకారవేతనం లేదు. పొట్ట గడవడానికి ఒక ఆసుపత్రిలో రాత్రి కాపలా కూలీగా చేరారు. రోగుల మలమూత్రాల గిన్నెలు కడిగే పని. ఇక్కడ డాక్టరు అనిపించుకున్నవాడు అక్కడ గిన్నెలు కడిగాడు. ఇంటికి ఉత్తరాల్లో ఈ సంగతి ఎంతవరకు రాశారో గాని, ఆ పని మాత్రం మానలేదు.

తర్వాత బయోకెమిస్ట్రీ విభాగంలో సైరస్ ఫిస్కే అనే ఆచార్యుని దగ్గర చేరారు. అక్కడ చేసిన మొదటి పెద్ద పనే నేటికీ ప్రయోగశాలల పుస్తకాల్లో ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో నిలిచి ఉంది. నెత్తురులోను, మూత్రంలోను భాస్వరం ఎంత ఉందో కొలిచే పద్ధతి అది. 1925లో అచ్చయింది.

దీన్ని కాస్త వివరంగా చెప్పాలి. భాస్వరం మన ఎముకల్లో ఉంది, కండలో ఉంది, నెత్తురులో ఉంది. పెద్దవారి నెత్తురులో నూరు మిల్లీలీటర్లకు సుమారు రెండున్నర నుంచి నాలుగున్నర మిల్లీగ్రాములు ఉంటుంది. మూత్రపిండాలు చెడితే పెరుగుతుంది. పిల్లలకు దొడ్డికాళ్లు తెచ్చే రికెట్స్ జబ్బులో తగ్గుతుంది. అంటే ఈ అంకె తెలిస్తే రోగం జాడ తెలుస్తుంది. కాని అంత కొద్దిపాటి వస్తువును తూచడం ఎలా? సుబ్బారావుకు ముందు ఉన్న పద్ధతుల్లో రంగు నెమ్మదిగా వచ్చేది, లేదా వచ్చిన రంగు వెలిసిపోయేది.

వీరు చేసినది ఇది. ముందు నెత్తురులోని మాంసకృత్తులను ఒక ఆమ్లంతో విరగ్గొట్టి వడకట్టాలి, పాలు విరిచి తేట తీసినట్టు. ఆ తేటలో మాలిబ్డేట్ అనే లవణం కలిపితే అది భాస్వరాన్ని పట్టుకుంటుంది. తర్వాత మరో రసాయనం చుక్కలు వేస్తే కొద్ది నిమిషాలలో నీలి రంగు దిగుతుంది. భాస్వరం ఎక్కువైతే ముదురు నీలం, తక్కువైతే లేత నీలం. లెక్క తెలిసిన ద్రావణం పక్కన పెట్టి రంగులు పోల్చి చూస్తే అంకె వచ్చేస్తుంది. మామూలు ప్రయోగశాలలో, మామూలు పనివాడు చేయగల పని. అందుకే అది ప్రపంచమంతా పాకింది.

ఆలస్యంగా వచ్చిన రంగు

ఇక్కడే అసలు కథ ఉంది. ఇదే పరీక్షను వారు కండ మీద చేసి చూశారు. నెత్తురులో అయితే నీలి రంగు వెంటనే నిండుగా వచ్చేది. కండ తేటలో మాత్రం రంగు కొంచెం వచ్చి, ఆపైన నిమిష నిమిషానికి పెరుగుతూ పోయింది. మరొకరైతే గాజుసామాను సరిగా కడగలేదనో, మందు పాడైందనో అనుకుని పారబోసేవారు. వీరు పారబోయలేదు. ఆమ్లం తగలగానే మెల్లగా విరిగి భాస్వరాన్ని విడిచిపెట్టే పదార్థం ఏదో కండలో ఉండాలని ఊహించారు. వెతికితే దొరికింది. దాని పేరు ఫాస్ఫోక్రియాటిన్. 1927లో ప్రకటించారు. కండ పని చేస్తే అది తరుగుతుంది, విశ్రాంతి తీసుకుంటే తిరిగి చేరుతుంది. ఇంగ్లండులో ఎగల్టన్ దంపతులు కూడా అదే కాలంలో ఈ పదార్థం జాడ పట్టారు.

రెండేళ్లకు, 1929లో, కండ నుంచే ఏటీపీ అనే మరో పదార్థం తీశారు. జర్మనీలో లోమన్ అనే శాస్త్రజ్ఞుడూ అదే ఏడు దాన్ని కనిపెట్టాడు. ఒంట్లో జరిగే ప్రతి పనికీ, గుండె కొట్టుకోవడానికైనా, నాగలి పట్టడానికైనా, చేతికి వచ్చే పైకం వంటిది ఏటీపీ. ఫాస్ఫోక్రియాటిన్ గాదెలో దాచిన ధాన్యం వంటిది. అంతవరకు కండకు బలం లాక్టిక్ ఆమ్లం నుంచి వస్తుందని చెప్పి 1922 నోబెల్ బహుమతి అందుకున్న పెద్దల సిద్ధాంతం దీనితో తలకిందులైంది.

ఇప్పుడు మళ్లీ మన పట్నం ప్రయోగశాలకు వద్దాం. గుండెపోటు అనుమానం ఉన్నవారికి సి.పి.కె. అనే పరీక్ష చాలా ఏళ్లు రాశారు, ఇప్పటికీ కొన్నిచోట్ల రాస్తారు. గుండె కండలో కొంత భాగం చచ్చిపోతే అందులోని ఒక ఎంజైము నెత్తురులోకి కారుతుంది. నొప్పి మొదలైన నాలుగైదు గంటల నుంచి పెరిగి, ఒక రోజుకు శిఖరానికి చేరి, రెండు మూడు రోజుల్లో దిగిపోతుంది. ఆ ఎంజైము చేసే పని ఫాస్ఫోక్రియాటిన్ నుంచి భాస్వరాన్ని తీసి ఏటీపీని తయారు చేయడం, అవసరమైతే తిరగేసి చేయడం. అందుచేత ఆ పరీక్ష మందు సీసాలో ఫాస్ఫోక్రియాటిన్ కలిపే ఉంటుంది. రోగి నెత్తురు అందులో వేస్తే ఏటీపీ పుడుతుంది. పుట్టిన ఏటీపీని బట్టి గుండె ఎంత దెబ్బతిన్నదో అంచనా కడతారు. భీమవరం మనిషి కనిపెట్టిన రెండు పదార్థాలూ ఆ ఒక్క సీసాలో ఉన్నాయన్నమాట. ఈ మధ్య కాలంలో ట్రోపోనిన్ అనే మరింత నిక్కచ్చి పరీక్ష వచ్చి ఆ స్థానం తీసుకుంది.

కాలేయం సంగతీ అంతే. పైత్యరసం పారే దారి మూసుకుపోయి కామెర్లు వస్తే ఆల్కలైన్ ఫాస్ఫటేస్ అనేది నెత్తురులో పెరుగుతుంది. పాత పద్ధతుల్లో దాన్ని కొలిచినది, అది ఎంత భాస్వరాన్ని విడదీసిందో చూసి. ఆ భాస్వరాన్ని చూడడానికి నీలి రంగే ఆధారం. నేడు యంత్రాలు వచ్చాయి, పసుపు రంగు తెచ్చే వేరే మందులు వాడుతున్నారు. భాస్వరం పరీక్షలో మాలిబ్డేట్ మాత్రం నేటికీ పోలేదు.

కార్జం నుంచి కొత్త మందు

సుబ్బారావు 1930లో పిహెచ్.డి. పొందారు. అయినా హార్వర్డ్‌లో పక్కా ఉద్యోగం ఇవ్వలేదు. ఆయన వేరుచేసిన మరికొన్ని పదార్థాల వివరాలను ఫిస్కే వెలుగులోకి రానివ్వలేదని, వాటిని ఇతరులు మళ్లీ మొదటి నుంచి కనిపెట్టవలసి వచ్చిందని, 1988లో నోబెల్ పొందిన జార్జి హిచింగ్స్ తర్వాత బయటపెట్టారు. సుబ్బారావు బతికుండగా దీని గురించి రచ్చకెక్కలేదు.

నెత్తురు పలచబడే జబ్బుకు కార్జం తినిపిస్తే నయమవుతుందని 1926లో అమెరికా డాక్టర్లు తేల్చారు. కార్జంలోని ఏ వస్తువు నయం చేస్తోందన్నది తేలలేదు. సుబ్బారావు ఏళ్ల తరబడి కార్జం సారం తీస్తూ కూర్చున్నారు. 1940లో న్యూయార్కు దగ్గరి పెర్ల్ రివర్‌లో లెడర్లీ మందుల కంపెనీ పరిశోధన విభాగంలో చేరి, తర్వాత దానికి అధిపతి అయ్యారు. ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని తయారు చేసి 1945లో ప్రకటించింది. స్ప్రూ రోగుల నెత్తురు దానితో కోలుకుంది. అన్నదమ్ములు పోయిన సుమారు పాతికేళ్లకు మందు దొరికింది. నేడు మన ఆరోగ్య కేంద్రాలలో గర్భిణీలకు ఇచ్చే ఐరన్ మాత్రలలో ఉండేది ఇదే.

ఆ ఫోలిక్ ఆమ్లాన్ని కొంచెం మార్చి, క్యాన్సరు కణాలకు ఆకలి పెట్టే మందులు చేశారు. బోస్టన్‌లో డాక్టర్ సిడ్నీ ఫార్బర్ రక్త క్యాన్సరు వచ్చిన పసిపిల్లలకు వాటిని ఇచ్చి 1948లో మొదటిసారి ఉపశమనం చూపించారు. మెథోట్రెక్సేట్ ఆ కుదురులోనిదే. కీళ్లవాతానికి అది వాడేవారికి డాక్టర్లు తరచు కాలేయ పరీక్ష ఎందుకు రాస్తారంటే, ఆ మందు కాలేయాన్ని ఇబ్బంది పెట్టవచ్చు గనుక.

మన డెల్టాకు ఆయన చేసిన మేలు వేరే ఉంది. బోదకాలు తెచ్చే పురుగు పిల్లలను చంపే హెట్రజాన్ 1947లో ఆయన ప్రయోగశాల నుంచే వచ్చింది. రాత్రిపూట వచ్చి వేలు పొడిచి నెత్తురు తీసుకునే ఫైలేరియా ఉద్యోగులు, ఏడాదికోసారి పంచిన డి.ఇ.సి. మాత్రలు మన పల్లెల్లో ఎవరు ఎరుగరు? ఆ మాత్ర హెట్రజానే. వద్దని పారేసినవారిలో ఈ విలేఖరి ఇంటివారూ ఉన్నారు. 1948లో బెంజమిన్ డగ్గర్ ప్రకటించిన ఆరియోమైసిన్ కూడా ఆయన అధ్వర్యంలోని విభాగానిదే.

ఆయన మాత్రం తిరిగి రాలేదు. అమెరికా పౌరసత్వమూ తీసుకోలేదు. ఆయన వెళ్లాక పుట్టిన కొడుకు పసితనంలోనే పోయాడు, తండ్రి ముఖం ఎరగడు. శేషగిరమ్మగారు భర్తను మళ్లీ చూడలేదు. మూడు నాలుగేళ్లని వెళ్లిన మనిషికి ఇరవై ఆరేళ్లు గడిచాయి.

1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, పెర్ల్ రివర్‌లో రాత్రి నిద్రలోనే ఆయన గుండె ఆగిపోయింది. గుండె కండకు బలం ఎక్కడి నుంచి వస్తుందో చెప్పిన మనిషికి గుండెజబ్బే మృత్యువైంది. గుండెపోటును నెత్తురు చుక్కలో పసిగట్టే ఎంజైము పరీక్ష అప్పటికి ఎక్కడా లేదు. ఆరేళ్ల తర్వాత, 1954లో, అదే న్యూయార్కులో కార్మెన్, రోబ్లెవ్‌స్కీ, లడ్యూ అనే డాక్టర్లు ఎస్.జి.ఓ.టి. పరీక్షతో దానికి శ్రీకారం చుట్టారు. మన ప్రభుత్వం శతజయంతి ఏట, 1995లో, సుబ్బారావు బొమ్మతో తపాలా బిళ్ల వేసింది.