యాకోబు బెర్నూలీ చరిత్రము

మన నల్లగొండ, మహబూబునగరు పల్లెలలో అష్టాచెమ్మ యెరుగని పిల్లలు అరుదు. విసరిన గవ్వ వెల్లకిల పడునో, బోరగిల పడునో ముందుగా దెలియుట యెట్లు? ఇట్టి ప్రశ్నను గూర్చి యిరువది సంవత్సరములు యోచించిన పండితుని చరిత్ర మిది.

యాకోబు బెర్నూలీ స్విట్జర్లాండు దేశమునందలి బాసెలు నగరమున 1655వ సంవత్సరము జనవరి మాసమున జన్మించెను. సుగంధద్రవ్యముల వర్తకుడగు తండ్రి, కుమారుడు బోధకుడు కావలెనని కోరెను. యాకోబు ఆ యాజ్ఞను మన్నించి 1676లో దైవశాస్త్రమున పట్టమందెను. కాని తండ్రి యిష్టమునకు విరుద్ధముగా గణితమును, ఖగోళశాస్త్రమును గూడ నభ్యసించెను. తుదకు సంఘోద్యోగమును వదలి, 1683 మొదలు బాసెలునందు బోధనకు బూని, 1687లో నచటి విశ్వవిద్యాలయమున గణితాచార్యుడయ్యెను.

ఆ కాలపు గణితజ్ఞులు పాచికల లెక్కలే యెక్కువగా జేయుచుండిరి. పాచికకు ఆరు ముఖములును సమానములు గావున, ఒక్కొక్కటి పడు సంభావ్యత ఆరింట నొకటి యని యాలోచనచేతనే తెలియును. ఇది సైద్ధాంతిక సంభావ్యత. గవ్వకు రెండు ప్రక్కలును సమానములు కావు. పలుమారులు విసరి లెక్కించిననేగాని దాని స్వభావము తెలియదు. ఇది ప్రయోగాత్మక సంభావ్యత. మనుష్యుల యాయుర్దాయము, వ్యాధులు మున్నగునవి గవ్వవంటివే. ప్రయోగములు పెరిగినకొలది ఫలము సత్యమును సమీపించునని పామరులు సైతము ఊహింతురు. యాకోబు దానిని గణితముచే నిరూపించెను.

ఆయన చూపిన దృష్టాంతము వినుడు. ఒక పాత్రలో 3000 తెల్లరాళ్లును, 2000 నల్లరాళ్లును గలవు. ఒకటి తీసి, రంగు వ్రాసికొని, మరల నందే వేయవలెను. తెల్లరాళ్ల నిష్పత్తి అయిదింట మూడువంతులకు ఏబదింట నొకవంతు కంటె నెక్కువ భేదింపదని వేయింటికి ఒకటిగా నమ్ముటకు 25,550 మారులు తీసిన చాలునని యాయన లెక్క తేల్చెను. గ్రంథము ముగియకమునుపే 1705 ఆగస్టు 16వ తేదీన పరలోకగతుడయ్యెను. 1713లో సోదరుని కుమారుడు దానిని ప్రచురించెను.

మా తరగతిలో నొక బాలుడు నాణెమును పదిమారులెగురవేయగా ఏడు బొమ్మలు పడెను. సగము సగమను నా మాట అబద్ధమని యతడు నొచ్చుకొనెను. మరియొక బాలిక తన పట్టికను సగమునకు సరిపడునట్లు దిద్దబోయెను. నేను వారించి, అందరి పట్టికలను ఉన్నవి యున్నట్లు కూడించితిని. మొత్తము సగమునకు మిక్కిలి చేరువయ్యెను. ఆ బాలుని ఏడు బొమ్మలును అందు జేరియే యుండెను.

విద్యార్థులారా! కొలది ఫలములను జూచి తీర్పు చెప్పకుడు. వచ్చిన ఫలమును దాచకుడు. ఓర్పును, యథార్థతయు గలవానికే లెక్క సత్యమును జూపును.