అద్దాల కుర్రాడు ఫ్రాన్‌హోఫర్

ఈసారి గోడపత్రికకి ఒక గొప్పవారి జీవితం రాయమని సైన్సు సారు చెప్పారు. నేను జోసెఫ్ ఫ్రాన్‌హోఫర్ గురించి రాస్తున్నాను. ఎందుకో ముందే చెప్తాను.

మా అయ్య పోయాక, కిందటి వేసవి సెలవుల్లో నేను టౌనులో ఫొటో ఫ్రేములు కట్టే షాపులో పనిచేశాను. కట్టరుతో గీత గీసి తట్టితే అద్దం ఆ గీత వెంటే విరుగుతుంది. గీత వంకర పోతే అద్దం పోతుంది, తిట్లు పడతాయి. సెలవులు అయిపోయాక మా మామ చదువు మానేసి అక్కడే ఉండిపొమ్మన్నాడు. ఆ దిగులుతో ఉన్నప్పుడే సారు నాకు ఈయన కథ చెప్పారు.

ఫ్రాన్‌హోఫర్ 1787 మార్చి 6న జర్మనీలోని బవేరియా ప్రాంతంలో, స్ట్రాబింగ్ అనే ఊళ్ళో పుట్టాడు. వాళ్ళ నాన్న అద్దాల పని చేసేవాడు. పదకొండేళ్ళకే తల్లీ తండ్రీ ఇద్దరూ పోయారు. ఆ తర్వాత మ్యూనిక్ నగరంలో అద్దాలు తయారుచేసే ఒక యజమాని దగ్గర పనికి పెట్టారు. ఫీజు కట్టలేడు గనక ఆరేళ్ళు జీతం లేకుండా పనిచెయ్యాలి. ఆ యజమాని ఆదివారం బడికి కూడా వెళ్ళనిచ్చేవాడు కాదు.

1801 జూలై 21న ఆ ఇల్లు కూలిపోయింది. యజమాని భార్య చనిపోయింది. ఫ్రాన్‌హోఫర్‌ని కొన్ని గంటల తర్వాత శిథిలాల్లోంచి ప్రాణాలతో తీశారు. చూడ్డానికి వచ్చిన ఆ రాజ్యపాలకుడు మాక్సిమిలియన్ అతనికి 18 బంగారు నాణాలు ఇచ్చాడు. మనమైతే ఏం కొనుక్కునేవాళ్ళమో! ఆ కుర్రాడు గాజు అరగదీసే మిషను కొన్నాడు. మిగతా డబ్బు యజమానికి కట్టి పని నుంచి విడుదలయ్యాడు. ఉట్జ్‌ష్నైడర్ అనే పెద్దమనిషి పుస్తకాలిచ్చాడు. 1806లో ఆయన సంస్థలోనే ఉద్యోగం దొరికింది.

అక్కడ దుర్భిణీలకి, సర్వే పరికరాలకి కటకాలు చేసేవారు. మంచి కటకం కావాలంటే ఏ గాజు ఏ రంగు కాంతిని ఎంత వంచుతుందో కచ్చితంగా కొలవాలి. కానీ ఇంద్రధనుస్సులో ఎరుపు ఎక్కడ ఆగిందో, పసుపు ఎక్కడ మొదలైందో ఎవరు చెప్పగలరు? ఒకదాంట్లో ఒకటి కలిసిపోతాయి. గీతల్లేని స్కేలుతో కొలిచినట్టే.

1814లో ఆయన చీకటి గదిలోకి సన్నని చీలిక గుండా ఎండ రానిచ్చి, దాన్ని పట్టకం గుండా పంపి, థియోడలైటు దుర్భిణీతో చూశాడు. రంగుల మధ్య నల్లని సన్నగీతలు కనిపించాయి! 574 లెక్కపెట్టాడు. ముఖ్యమైన వాటికి ఎ, బి, సి, డి అని పేర్లు పెట్టాడు. ఆ గీతలు ఎప్పుడూ ఉన్నచోటే ఉంటాయి. అంటే కాంతికి స్కేలు దొరికింది. ఆ గీతలతోనే గాజును కొలిచి మేలైన కటకాలు చేశాడు.

1821లో సన్నని తీగలు వరసగా దగ్గరదగ్గరగా బిగించి, వాటి గుండా కాంతిని పంపి తరంగదైర్ఘ్యాన్ని కొలిచాడు. డి గీత దగ్గరి పసుపు కాంతి తరంగం, ఒక మిల్లీమీటరును దాదాపు 1700 భాగాలు చేస్తే ఒక భాగమంత!

ఇంత చేసినా, యూనివర్సిటీలో చదవలేదని సైన్సు అకాడమీలో కొందరు ఆయన్ని సభ్యుడిగా వద్దన్నారు. 1826 జూన్ 7న క్షయతో చనిపోయాడు. వయసు 39 ఏళ్ళే.

ఆయన పోయాక కూడా ఆయన పరికరాలు పనిచేశాయి. నక్షత్రం దూరాన్ని బెసెల్ 1838లో కొలిచింది, నెప్ట్యూన్ గ్రహాన్ని 1846లో చూసింది ఆయన కటకాలతోనే. సూర్యుడిలో ఏ మూలకాలున్నాయో ఆ నల్లగీతలే చెప్తాయని 1859లో కిర్కాఫ్, బున్సెన్ తేల్చారు. 1868 ఆగస్టు 18న సూర్యగ్రహణం చూడ్డానికి ఫ్రాన్సు నుంచి జాన్సెన్ మన గుంటూరుకే వచ్చాడు! ఆ గ్రహణంలో సూర్యుడి అంచున ఒక పసుపు గీత కనిపించింది. అది డి గీతకి దగ్గరలో ఉందిగానీ సరిగ్గా అక్కడ లేదు. ఆ కాస్త తేడా నుంచే హీలియం అనే కొత్త మూలకం బయటపడింది. డి గీత చోటు ముందే కొలిచి ఉండకపోతే ఆ తేడా ఎవరికి తెలిసేది?

మొన్న టీసీ తీసుకోడానికి మామ వచ్చాడు. వరండాలో కూర్చోబెట్టి ఈ కథంతా చెప్పాను. అద్దాల పని చెడ్డదని కాదు మామా, చదువుతో పాటు చేస్తే ఎంత దూరం పోతుందో చూడమన్నాను. కాసేపు మాట్లాడలేదు. పదో తరగతి పరీక్షలయ్యేదాకా ఆగుతానని వెళ్ళాడు. తర్వాత సంగతి ఇంకా తేలలేదు.

మిత్రులారా, పాత సీడీ ఉంటే ట్యూబులైటు కింద వంచి చూడండి, రంగులు విడిపోతాయి. సూర్యుడి వైపు మాత్రం నేరుగా చూడకండి. సెలవుల్లో పనికి పోయేవాళ్ళెవరైనా పుస్తకం సంచిలోనే పెట్టుకోండి.

— పదో తరగతి విద్యార్థి