సెలైన్ సీసాపై నిలిచిన పేరు: సిడ్నీ రింగర్

బిలాస్‌పూర్ రైల్వే పట్టణంలో తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలు సైతం ఆసుపత్రి వార్డుల్లో తరచూ వినే మాట ‘ఆర్.ఎల్.’ అందులోని మొదటి అక్షరం సిడ్నీ రింగర్ అనే ఆంగ్లేయ వైద్యునిది, రెండవది లాక్టేట్‌ది.

రింగర్ 1835లో ఇంగ్లండ్‌లోని నార్విచ్‌లో జన్మించారు. లండన్ యూనివర్సిటీ కాలేజీలో వైద్యవిద్య అభ్యసించి, దాని అనుబంధ ఆసుపత్రిలోనే దీర్ఘకాలం పనిచేశారు. 1869లో వెలువరించిన ఔషధ చికిత్సా గ్రంథం ఆయనకు ఖ్యాతి తెచ్చింది. రోగుల సేవ, బోధనల నడుమ దొరికిన సమయాన్ని ప్రయోగశాలకు కేటాయించారు.

దేహం నుంచి వేరుచేసిన కప్ప గుండె ఏ ద్రావణంలో ఎంతసేపు కొట్టుకుంటుందో ఆయన పరిశీలించారు. 1882లో ఫలితాలు ప్రకటించారు. అయితే స్వేదనజలంతో తయారైందని భావించిన ఆ ద్రావణంలో వాడినది లండన్ కుళాయి నీరని తర్వాత తేలింది. స్వేదనజలం వాడగానే గుండె స్పందన క్షీణించి ఆగిపోయింది. కుళాయి నీటిలోని స్వల్ప కాల్షియమే స్పందనను నిలిపిందని గ్రహించిన రింగర్, 1883లో తన తొలి ప్రకటనను తానే సవరించారు. సోడియం, పొటాషియం, కాల్షియం తగిన పాళ్లలో కలిసిన రింగర్ ద్రావణానికి ఆ సవరణే పునాది. 1885లో రాయల్ సొసైటీ ఫెలోగా ఎన్నికైన ఆయన 1910లో కన్నుమూశారు.

1930వ దశకంలో అమెరికాలోని సెయింట్ లూయిస్‌కు చెందిన పిల్లల వైద్యుడు అలెక్సిస్ హార్ట్‌మన్, రక్తంలో పెరిగిన ఆమ్లాన్ని తగ్గించేందుకు దీనికి లాక్టేట్ జోడించారు.

బృహద్ధమని వంటి పెద్ద రక్తనాళాల శస్త్రచికిత్సలో ఈ ద్రావణం విలువతో పాటు పరిమితి కూడా తెలుస్తుంది. నాళానికి బిగించిన క్లాంపును విప్పగానే రక్తపోటు పడిపోవచ్చు. ద్రవం తక్కువైతే మూత్రపిండాలు దెబ్బతింటాయి. ఎక్కువైతే ఊపిరితిత్తుల్లో నీరు చేరుతుంది, పేగుల కదలిక మందగిస్తుంది. ఎక్కించిన ద్రవంలో అధిక భాగం కొద్ది గంటల్లోనే నాళాలు దాటి కణజాలంలోకి చేరుతుంది. అందుకే భారీ రక్తస్రావం జరిగితే రక్తమే ఎక్కించాలి. శస్త్రచికిత్స అనంతరం రక్తపోటు, మూత్ర పరిమాణం, ఎక్కించిన ద్రవం లెక్కను గంటగంటకూ నమోదు చేసేది ఇందుకే.

సెలైన్ ఒంటికి బలమన్న నమ్మకంతో మరో సీసా పెట్టమని కోరే బంధువులు ఈ లెక్కను గుర్తుంచుకోవాలి. కొలత తప్పితే ప్రాణం నిలిపే ద్రవమే ప్రాణం మీదకు తెస్తుంది.